యుద్ధపు లెక్కలు: ఏ అంకెను నమ్మాలి, ఎలా సరిచూడాలి?

ఏటా డిసెంబరు 16 రాగానే పత్రికల్లో, బడి ప్రసంగాల్లో, ఫోన్లలో తిరిగే సందేశాల్లో ఒక అంకె కనిపిస్తుంది: 93,000. 1971 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో ఆ రోజున ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ, భారత లెఫ్టినెంట్ జనరల్ జగ్జీత్ సింగ్ అరోరా ఎదుట లొంగుబాటు పత్రంపై సంతకం చేశారని, 93 వేల మంది పాకిస్తాన్ సైనికులు ఆయుధాలు దించారని చదువుతాం. సంతకం నిజం. 93 వేలు అన్నదీ దాదాపు నిజమే. తప్పు ఆ అంకె పక్కనున్న ‘సైనికులు’ అనే మాటలో ఉంది. అప్పుడు భారత్ అదుపులోకి వచ్చిన ఆ 93 వేల మందిలో యూనిఫాం వేసుకున్నవాళ్లు సుమారు 80 వేలు. అందులోనూ సైన్యంతో పాటు పారామిలటరీ దళాలు, పోలీసులు ఉన్నారు. మిగిలినవాళ్లు పౌరులు, కుటుంబాలవాళ్లు.

ఆ మాట సరిచేస్తే మన విజయం ఇసుమంత కూడా తగ్గదు. సరిచేయకపోతే మాత్రం నష్టముంది. రేపు మన పిల్లవాడు పైచదువుకు వెళ్లినచోట ఎవరో ఈ ఒక్క తప్పు చూపించి, మిగతా చరిత్ర కూడా ఇలాంటిదేనని అంటే అతని దగ్గర జవాబు ఉండదు. యుద్ధచరిత్రలో అంకెలు ఎక్కడ చెడతాయో, వాటిని పరిశోధకులు ఎలా పట్టుకుంటారో ఐదు ఉదాహరణలతో చూద్దాం.

185: ఒకే విమానం, ముగ్గురి ఖాతాలో

1940 సెప్టెంబరు 15. లండన్ మీదికి జర్మన్ బాంబర్లు రెండు విడతలుగా వచ్చాయి. ఆ రోజు 185 శత్రువిమానాలను కూల్చామని బ్రిటన్ ప్రకటించింది. యుద్ధం ముగిశాక జర్మన్ వైమానిక దళం సొంత పద్దులు చేతికొచ్చాయి. ఆ రోజు వాళ్లు పోగొట్టుకున్నవి దాదాపు 60 మాత్రమే.

బ్రిటిష్ పైలట్లు అబద్ధమాడారని అనుకోకూడదు. గాలిలో పోరు కొన్ని సెకన్లలో ముగుస్తుంది. ఒక బాంబర్‌ మీద ముగ్గురు వేర్వేరు వైపుల నుంచి కాలుస్తారు. అది పొగ కక్కుతూ మబ్బుల్లోకి దిగిపోతుంది. ముగ్గురూ తమ గుండు తగిలే పడిందని నిజాయితీగానే నమ్ముతారు. స్థావరానికి చేరగానే ఇంటెలిజెన్స్ అధికారికి ముగ్గురూ చెబుతారు. పడింది ఒకటి, పుస్తకంలోకి ఎక్కినవి మూడు. నేలమీద పడిన శకలాలను లెక్కపెట్టి సరిచూద్దామంటే ఇంగ్లిష్ చానల్‌లో మునిగినవాటికి ఆనవాళ్లు ఉండవు.

ఆ ఏడాది బ్రిటన్ మీద సాగిన వైమానిక యుద్ధం ‘బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్’ మొత్తం లెక్క చూస్తే ఈ జబ్బు రెండు వైపులా ఉన్నదేనని తెలుస్తుంది. బ్రిటన్ కూల్చానని చెప్పుకున్నవి 2,698. జర్మనీ నిజంగా కోల్పోయినవి 1,733. జర్మనీ కూల్చానని చెప్పుకున్నవి 3,058. బ్రిటన్ నిజంగా కోల్పోయినవి 915. ఒకరు ఒకటిన్నర రెట్లు పెంచితే ఇంకొకరు మూడు రెట్లు పెంచారు.

పరిశోధకుల మొదటి సూత్రం ఇక్కడి నుంచే వస్తుంది: కొట్టినవాడి లెక్క కంటే నష్టపోయినవాడి సొంత పద్దును ముందు చూడాలి. పోయిన విమానానికి బదులు కొత్తది కావాలని స్టోర్స్‌కు రాయాలి. పోయిన మనిషి ఇంటికి ఉత్తరం వెళ్లాలి, జీతం ఆగాలి, పింఛను మొదలవ్వాలి. ఈ కాగితాల్లో తప్పు రాస్తే సొంత దళమే దెబ్బతింటుంది. 1971 డిసెంబరు 9న పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ దాడిలో మన ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు, మొత్తం 194 మంది తిరిగి రాలేదు. ఈ అంకెను ఎవరూ ప్రశ్నించరు. ఎందుకంటే అది మన ఇంటి పద్దు, ప్రతి అంకె వెనుక ఒక పేరు ఉంది.

నష్టపోయినవాడి పద్దుకూ పరిమితులున్నాయి. ప్రజల కోసం విడుదల చేసిన ప్రకటన వేరు, స్టోర్స్‌కు రాసిన లోపలి కాగితం వేరు. పరిశోధకుడు వెతకాల్సింది రెండోదాన్ని.

11: నమ్మిన అబద్ధం తిరిగి కాటేసింది

అతిశయోక్తి వల్ల పోయేదేముంది, జనానికి ధైర్యం వస్తుంది కదా అని కొందరు వాదిస్తారు. 1944 అక్టోబరులో జపాన్‌కు జరిగింది వారికి జవాబు.

అమెరికా థర్డ్ ఫ్లీట్ తైవాన్ మీద దాడికి దిగింది. జపాన్ విమానాలు ఎదురుదాడి చేశాయి. పైలట్లలో అనుభవం లేనివాళ్లు ఎక్కువ, దాడుల్లో చాలావరకు చీకట్లో జరిగాయి. సముద్రం మీద మంటలు కనిపించిన ప్రతిసారీ అమెరికా నౌక తగలబడుతోందని అనుకున్నారు. వాటిలో చాలా మంటలు కూలిపోయిన తమ విమానాలవే. కొన్ని రోజుల తర్వాత టోక్యోలోని ప్రధాన కార్యాలయం చేసిన ప్రకటన: 11 విమానవాహక నౌకలు, 2 యుద్ధనౌకలు ముంచేశాం. దేశమంతా పండగ చేసుకుంది.

నిజంగా మునిగినవి సున్నా. కాన్బెర్రా, హ్యూస్టన్ అనే రెండు క్రూజర్లు టార్పెడో దెబ్బలు తిన్నాయి గానీ, తాళ్లు కట్టి లాక్కెళ్లి వాటినీ కాపాడుకున్నారు. జపాన్ మాత్రం తన వందలాది విమానాలను పోగొట్టుకుంది.

అమెరికా నౌకాదళం నడుము విరిగిందన్న నమ్మకంతో జపాన్ సైన్యం తన ప్రణాళిక మార్చుకుంది. ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవిలో చేయాలనుకున్న ప్రధాన పోరును లేటె దీవికి మార్చి, ఓడల్లో దళాలను అక్కడికి తరలించింది. మునిగిపోయాయనుకున్న నౌకల నుంచే లేచిన విమానాలు ఆ ఓడల మీద పడ్డాయి. లేటెలో వేలకు వేల జపాన్ సైనికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. సరిచూడని ఒక అంకెను నమ్మిన సైన్యాధికారుల నిర్ణయం వాళ్లను అక్కడికి పంపింది.

2,02,040: చివరన చేరిన సున్నా

1945 ఫిబ్రవరి 13 రాత్రి బ్రిటిష్ బాంబర్లు, మర్నాడు అమెరికన్ బాంబర్లు జర్మనీలోని డ్రెస్డెన్ నగరం మీద పడ్డాయి. నగరం నడిబొడ్డు కాలి బూడిదైంది. ఎంతమంది చనిపోయారన్న ప్రశ్న మీద అరవై ఏళ్లకు పైగా వాదన నడిచింది. లక్ష అన్నవారున్నారు, రెండు లక్షలు అన్నవారున్నారు.

రెండు లక్షల వాదనకు ఆధారంగా చూపిన కాగితం పేరు ‘టాగెస్‌బెఫేల్ 47’, అంటే 47వ నంబరు దినాజ్ఞ. మార్చి 22 తేదీతో ఉన్న దాని ప్రతిలో మూడు అంకెలు ఉన్నాయి: దొరికిన శవాలు 2,02,040, మొత్తం చేరవచ్చని అంచనా 2,50,000, నగరం మధ్యనున్న ఆల్ట్‌మార్క్ట్ కూడలిలో దహనం చేసినవి 68,650. ఈ అంకెలను రచయిత డేవిడ్ ఇర్వింగ్ ప్రపంచమంతా చదివేలా చేశాడు.

ఆ తర్వాత అసలు కాగితాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. పోలీసుల నివేదికలో దొరికిన శవాలు 20,204. అంచనా 25,000. దహనం చేసినవి 6,865. పక్కపక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లలకైనా తెలిసిపోతుంది. మూడు అంకెల చివరా ఒక్కో సున్నా చేర్చారు, అంతే. 1966లో ఇర్వింగ్ స్వయంగా లండన్ ‘టైమ్స్’ పత్రికకు ఉత్తరం రాసి, కొత్తగా దొరికిన నివేదికల అంకెలు చాలా తక్కువని ఒప్పుకోవాల్సి వచ్చింది. 1977లో జర్మన్ పరిశోధకుడు గోట్జ్ బెర్గాండర్ అసలు దినాజ్ఞ ప్రతినే వెలికితీశారు.

కాగితం దొరక్కపోయినా అబద్ధాన్ని పట్టుకునే దారి ఇందులోనే ఉంది. ఒకే కూడలిలో, ఫిబ్రవరి చివరి నుంచి మార్చి మొదటి వారం దాకా సాగిన దహనాల్లో 68,650 శవాలను కాల్చడం సాధ్యమేనా? కట్టెలెన్ని, మనుషులెంతమంది, రోజుకు ఎన్ని? ఈ ప్రశ్నలు వేసిన క్షణాన ఆ అంకె నిలబడదు.

డ్రెస్డెన్ నగరపాలక సంస్థ 2004లో చరిత్రకారులతో ఒక సంఘాన్ని వేసింది. వాళ్లు శ్మశానాల రిజిస్టర్లు, మరణ నమోదు పత్రాలు, తవ్వకాల్లో దొరికిన ఆధారాలు, బతికి బయటపడ్డవారి మాటలు అన్నీ కలిపి చూసి 2010లో తేల్చిన మాట: చనిపోయినవారు 25 వేలకు మించరు. ఇరవై ఐదు వేల ప్రాణాలంటే మహా ఘోరం. ఆ ఘోరాన్ని గుర్తుచేసుకోవడానికి దొంగ సున్నా అక్కర్లేదు. అసలు ఆ సున్నా వల్లే అరవై ఏళ్లు చర్చ అంకె చుట్టూ తిరిగి, చనిపోయినవాళ్ల సంగతి వెనకబడింది.

28: చిన్న అంకె దాచిన పెద్ద త్యాగం

తప్పుడు అంకె అంటే ఎప్పుడూ పెద్దదే అయి ఉంటుందని లేదు.

1941 నవంబరు 16న మాస్కో వైపు దూసుకొస్తున్న జర్మన్ ట్యాంకులను దుబోసెకొవో అనే రైల్వే హాల్ట్ దగ్గర 28 మంది సోవియట్ సైనికులు అడ్డుకున్నారని, 18 ట్యాంకులను ధ్వంసం చేసి అందరూ నేలకొరిగారని సైన్యం పత్రిక ‘క్రాస్నయా జ్వెజ్దా’ రాసింది. జనరల్ పాన్‌ఫిలోవ్ డివిజన్‌కు చెందినవారు కాబట్టి ‘28 మంది పాన్‌ఫిలోవ్ వీరులు’ అన్న పేరు స్థిరపడింది. 1942 జులైలో 28 మందికీ మరణానంతరం ‘హీరో ఆఫ్ ద సోవియట్ యూనియన్’ బిరుదు ఇచ్చారు. వాళ్ల కథ పిల్లల పాఠాల్లోకి ఎక్కింది.

1947లో ఇవాన్ దొబ్రొబాబిన్ అనే మనిషిని అరెస్టు చేశారు. జర్మన్ ఆక్రమణలో వాళ్ల కింద పోలీసుగా పనిచేశాడన్నది నేరం. అతని దగ్గర పాన్‌ఫిలోవ్ వీరుల మీద రాసిన పుస్తకం దొరికింది. అందులో చనిపోయిన వీరుల జాబితాలో అతని పేరు ఉంది.

సైనిక ప్రాసిక్యూటర్లు తీగ లాగారు. 28 మందిలో ఆరుగురు ఆ పోరులో చనిపోనేలేదని తేలింది. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలిసింది. విలేకరి కొరొతేయెవ్ పోరు జరిగినచోటికి వెళ్లలేదు. ఒక కంపెనీ చేసిన పోరాటం గురించి డివిజన్‌ రాజకీయ అధికారి నోట విన్నాడు. కంపెనీలో ఎంతమంది ఉంటారని సంపాదకుడు అడిగితే ముప్పై, నలభై ఉండొచ్చన్నాడు. ఇద్దరు లొంగిపోబోయారని కూడా చెప్పాడు. ముప్పైలోంచి ఇద్దరిని తీసేస్తే 28. ఆఫీసు గదిలో చేసిన తీసివేత అది. పేర్లు ఆ తర్వాత కంపెనీ కమాండర్ జ్ఞాపకం నుంచి రాబట్టారు.

ప్రాసిక్యూటర్ల ముందు రెజిమెంట్ కమాండర్ కాప్రోవ్ చెప్పింది ఈ కథలోకెల్లా విలువైన మాట. 28 మంది ట్యాంకులతో పోరాడిన ఘటన జరగలేదని, అది పూర్తిగా కల్పితమని ఆయన అన్నారు. అయితే ఆ రోజు నాలుగో కంపెనీ నిజంగానే వీరోచితంగా పోరాడిందని, అందులో 120 నుంచి 140 మంది దాకా ఉంటే వందకు పైగా చనిపోయారని కూడా చెప్పారు.

1948 మేలో తయారైన ఆ నివేదికను బీరువాలో పెట్టి తాళం వేశారు. 2015లో రష్యా ప్రభుత్వ ఆర్కైవ్ దాన్ని బయటపెట్టింది. దశాబ్దాల పాటు 28 పేర్లు పాఠాల్లో వెలిగాయి. మిగతా సైనికులకు ఆ వెలుగులో చోటు దొరకలేదు. అంకెను సరిచూడటం అమరులను అవమానించడమేనని కోప్పడేవాళ్లు ఈ ఒక్క కథ గుర్తుంచుకోవాలి. ఇక్కడ సరిచూడకపోవడం వల్లే అవమానం జరిగింది.

92 లేదా 93: విశాఖ తీరంలో తేలని లెక్క

ఇప్పుడు మన తీరానికి వద్దాం. విశాఖపట్నం దగ్గర సముద్రగర్భంలో పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ పడి ఉంది. 1945లో అమెరికా నౌకాదళంలో ‘డయాబ్లో’ పేరుతో చేరిన ఈ నౌక 1964లో పాకిస్తాన్‌కు వెళ్లింది. 1971 నవంబరు 14న కరాచీ నుంచి బయల్దేరి మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు ఉంది. విశాఖలోనే ఉందని శత్రువు నమ్మేలా తూర్పు నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఎత్తు వేశారు.

కరాచీ నుంచి బయల్దేరిన తేదీ, విశాఖ దగ్గర మునిగిన సంగతి, ఒక్కరూ బతకలేదన్న నిజం: ఈ మూడింటి మీద ఎవరికీ పేచీ లేదు. ఆ తర్వాత ప్రతిదీ వివాదమే.

నౌకాదళం కథనం ప్రకారం డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో ఐఎన్ఎస్ రాజ్‌పుత్ రేవు దాటుతూ అనుమానం వచ్చినచోట డెప్త్ చార్జ్‌లు వదిలింది. కొద్దిసేపటికే నగరంలో కిటికీలు అదిరేంత పేలుడు వినిపించింది. శకలాల్లో దొరికిన గడియారం ఆగిన సమయం దీనితో సరిపోయిందని చెబుతారు. పాకిస్తాన్ కథనం ప్రకారం గాజీ తాను పరిచిన మైన్ తగిలి గానీ, లోపలి పేలుడు వల్ల గానీ మునిగింది. మన సైన్యంలోనే తూర్పు కమాండ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా పనిచేసిన లెఫ్టినెంట్ జనరల్ జాకబ్ ఇంకో మాట రాశారు. మత్స్యకారులకు శకలాలు దొరికాయని కృష్ణన్ తనకు డిసెంబరు 3 ఉదయమే ఫోన్‌లో చెప్పారని, కాబట్టి గాజీ యుద్ధం మొదలుకాకముందే మునిగిందని ఆయన వాదన. అంటే కారణంతో పాటు తేదీ కూడా వివాదంలోనే ఉంది. సిబ్బంది సంఖ్య ఒకచోట 92, ఇంకోచోట 93 అని కనిపిస్తుంది.

ఇలాంటిచోట పరిశోధకుడికి కావలసింది ఆనాటి లోపలి కాగితం: రాజ్‌పుత్ లాగ్ బుక్, ఈతగాళ్ల నివేదికలు, సిగ్నళ్ల నమోదు. గాజీకి సంబంధించిన నౌకాదళ పత్రాలు 1980లోనే ధ్వంసమయ్యాయని 2010లో పత్రికల్లో వచ్చింది. అలాంటి కాగితాలు పోతే మిగిలేది జ్ఞాపకాలు, సముద్రగర్భంలోని ఇనుము. 2024లో మన నౌకాదళపు డీప్ సబ్‌మర్జెన్స్ రెస్క్యూ వెహికల్ ఆ శకలాలను మళ్లీ గుర్తించింది. నౌకకు గాయం బయటి నుంచి లోపలికి అయిందా, లోపలి నుంచి బయటికి అయిందా అన్నది ఆ ఇనుమే చెప్పాలి.

ఈలోగా ఖాళీని కథ నింపేస్తోంది. 2017లో వచ్చిన తెలుగు సినిమా ‘ఘాజీ’లో ఒక భారత జలాంతర్గామి నీటి అడుగున గాజీతో పోరాడి ముంచుతుంది. అది కల్పన. భారత నౌకాదళం కథనంలో గానీ, పాకిస్తాన్ కథనంలో గానీ అలాంటి పోరు లేదు. డిసెంబరు 4న జరిపే నౌకాదళ దినోత్సవం గాజీ మునిగినందుకని విశాఖలో చాలామంది అనుకుంటారు. అదీ పొరపాటే. ఆ రోజు రాత్రి కరాచీ రేవు మీద మన క్షిపణి పడవలు చేసిన ‘ఆపరేషన్ ట్రైడెంట్’ దాడికి గుర్తుగా దాన్ని జరుపుతారు.

పాఠకుడి చేతిలో ఐదు ప్రశ్నలు

ఈ ఉదాహరణల నుంచి ఐదు ప్రశ్నలు తీసుకోవచ్చు. యుద్ధం గురించిన ఏ అంకె ఎదురైనా వేసి చూడండి.

1. లెక్కపెట్టింది ఎవరు? కొట్టినవాడా, నష్టపోయినవాడా? 185 అలా పట్టుబడింది.

2. లెక్కపెట్టింది దేన్ని? చనిపోయినవారినా, గాయపడినవారిని కూడా కలిపా? సైనికులనా, పౌరులతో సహానా? 93,000 దగ్గర జరిగిన పొరపాటు ఇదే.

3. ఈ అంకె మొట్టమొదట ఎక్కడ కనిపించింది? వంద పుస్తకాలు ఒకే వార్తను చూసి రాస్తే అవి వంద సాక్ష్యాలు కావు, ఒక్కటే. 28 దీనికి రుజువు.

4. అది జరగడం సాధ్యమేనా? రోజులు, మనుషులు, చోటు, సరుకు వేసి గుణించి చూడండి. డ్రెస్డెన్ సున్నా ఇక్కడ రాలిపోతుంది.

5. తేలలేదని ఒప్పుకుంటున్నారా? నిజాయితీగా రాసేవారు ‘ఇంత నుంచి ఇంత దాకా’ అని చెప్పడానికి సిగ్గుపడరు.

ఐదో ప్రశ్నకు మన దేశానికి సంబంధించిన ఉదాహరణ ఉంది. ప్రపంచ యుద్ధాల మృతుల సమాధులను, స్మారకాలను చూసే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 2021లో తన తప్పును తానే వెతుక్కుంది. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సామ్రాజ్యం కోసం చనిపోయిన ఆఫ్రికా, ఆసియా సైనికుల్లో, కూలీల్లో 45 వేల నుంచి 54 వేల మందికి తెల్లవారితో సమానమైన గుర్తింపు దక్కలేదని, కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో స్మారకమే లేదని ప్రకటించి క్షమాపణ చెప్పింది. కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య రెండు లక్షలకు పైగా తేడా ఉంది. ఆ తేడాను దాచకుండా చెప్పడం వల్లే ఆ నివేదికను నమ్మగలుగుతున్నాం.

సైన్యానికి మనుషులను పంపిన తెలుగు ఊళ్లు ఎన్నో ఉన్నాయి. పశ్చిమ గోదావరిలోని మాధవరానికి ‘మిలటరీ’ అన్నది ఇంటిపేరే అయిపోయింది. అలాంటి ఊళ్లలో తాతల పెట్టెల్లో డిశ్చార్జి కాగితాలు, ఉత్తరాలు, ఫొటోలు, పతకాలు ఇంకా ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధపు పతకం ఉంటే దాని అంచును భూతద్దంతో చూడండి. సాధారణంగా సైనికుడి నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి. యుద్ధంలో చనిపోయినవారైతే, వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాను ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. మీ ఇంట్లో చెప్పుకునే కథను ఆ నంబరుతో, ఆ జాబితాతో సరిపోల్చండి. సరిపోలితే తేదీతో సహా రాసి పెట్టండి. సరిపోలకపోతే రెండూ రాసి పెట్టండి, కానీ కాగితాలు పారేయకండి. గాజీ లెక్క ఇంకా తేలకపోవడానికి పోయిన కాగితాలూ ఒక కారణం.